డబ్బా మీది అంకె

రాయపూర్ నుండి బిలాస్‌పూర్ వెళ్ళే దారిలో ఉన్న సిల్తారా పారిశ్రామిక వాడలో జరిగే పనిని ఒక్క మాటలో చెప్పాలంటే, ఇనుప ఖనిజం నుండి ఆక్సిజన్‌ను బొగ్గు సాయంతో విడదీయడమే. అలా తయారైన స్పాంజ్ ఐరన్ తడి తగిలితే ఆక్సిజన్‌ను మళ్ళీ పట్టుకొని వేడెక్కుతుంది. మన శరీరంలోనూ ఆక్సీకరణం నిరంతరం సాగుతూనే ఉంటుంది. దానిని నిదానింపజేసే పదార్థాలే యాంటీఆక్సిడెంట్లు.

ఇక్కడ ఖనిజ పరీక్షలు చేసే నాకు ఈ విషయంపై ఆసక్తి కలగడానికి కారణం మా నాన్నగారు. ఆయన చాలా కాలంగా మధుమేహానికి మాత్రలు వాడుతున్నారు. బంధువులెవరో ఇచ్చిన ఒక పొడి డబ్బాపై "ఓరాక్" విలువ అంటూ ముద్రించిన పెద్ద అంకెను చూచి, ఇక మాత్రలు అక్కరలేదని నిశ్చయించుకున్నారు. నేను వారించగా, "ఖనిజంలో ఇనుము ఇంత శాతమని నీవు అంకె వేస్తే లక్షల రూపాయల సరుకు కదులుతుంది గదా! ఈ అంకెను మాత్రం నమ్మవేమిరా?" అని ప్రశ్నించారు.

న్యాయమైన ప్రశ్నే. ఈ కొలతలలో సులభమైనదానికి డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణాన్ని వాడతారు. రొట్టె గాని, ధాన్యం గాని పొడిచేసి, దాని సారాన్ని అందులో కలుపుతారు. ఊదా వెలిసి పసుపుకు తిరిగిన కొద్దీ సారం బలమైనదని లెక్క. అయితే గోధుమ తవుడులోని ఫెరూలిక్ ఆమ్లం చాలావరకు పీచును అంటిపెట్టుకొని ఉంటుంది. సారం తీసే విధానం మారితే అదే రొట్టెకు మరొక అంకె వస్తుంది. రొట్టె కాలి ఎర్రబడినప్పుడు పైపొరలో కొత్త యాంటీఆక్సిడెంట్లు పుడతాయి. కాని అదే వేడికి ఆక్రిలమైడ్ అనే అవాంఛనీయ పదార్థం కూడా ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. కనుక మాడిన రొట్టె మేలైనదని అనుకోరాదు.

నాన్నగారికి నేను ఖనిజం భాషలోనే చెప్పాను. రెండు ఖనిజాలలోనూ ఇనుము 65 శాతమే ఉండవచ్చు. కిల్న్‌లో ఒకటి గట్టిగా నిలుస్తుంది, మరొకటి పొడి అవుతుంది. అందుకే శాతం చూచి ఊరుకోక, వేడిలో దాని నడతను వేరుగా పరీక్షిస్తాము. ఆహారమూ అంతే. గాజు గొట్టంలో రంగును వెలయించిన పదార్థం పేగులలో ఎంత ఇంకుతుందో, కాలేయంలో ఏ రూపం పొందుతుందో ఆ అంకె చెప్పదు. అమెరికా వ్యవసాయ శాఖ తాను ప్రకటించిన ఓరాక్ పట్టికను 2012లో ఉపసంహరించుకున్నది. ఆ విలువలకు మనిషి ఆరోగ్యంతో సంబంధం రుజువు కాలేదనీ, వ్యాపార ప్రకటనలలో అవి దుర్వినియోగమవుతున్నాయనీ తెలిపింది. ఆ పట్టికలో లవంగాలది చాలా పెద్ద అంకె. కాని లెక్క 100 గ్రాములకు! అన్ని లవంగాలు ఎవరు తినగలరు?

అంతమాత్రాన ఈ కొలతలు వ్యర్థమని కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిన పరిశోధనలో, 100 గ్రాముల రాగులలో ఫినాలిక్ పదార్థాలు సుమారు 373 మిల్లీగ్రాములు, మినపపప్పులో 418 ఉండగా, బియ్యంలో 48 మాత్రమే ఉన్నాయి. చిరుధాన్యాలను పోల్చిన 2005 నాటి మరొక పరిశోధనలో అరికెలు, అంటే ఛత్తీస్‌గఢ్ వారి కోదో, ముందు నిలిచాయి. పొట్టు తీసినా, వండినా ఆ శక్తి తగ్గిందని కూడా అందులో తేలింది. బస్తర్‌లో నేటికీ తాగే మడియా పేజ్ మన రాగి అంబలికి తోబుట్టువే. ఏ ధాన్యాన్ని పూర్తిగా విడువరాదో ఈ అంకెలు సూచిస్తాయి. ఏ మందును మానవచ్చునో మాత్రం చెప్పవు.

నాన్నగారు కాసేపు ఆలోచించి, "అయితే అంబలీ మాననక్కరలేదు, మాత్రా మానరాదన్నమాట!" అన్నారు. నాటి రాత్రి మాత్ర వేసుకున్న తరువాతనే నిద్రకు ఉపక్రమించారు.

మన కుటుంబాలలోనూ ఇటువంటి డబ్బాలు వస్తుంటాయి. అంకె కనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. దేనిలో కొలిచారు? ఎంత పరిమాణానికి? మనుషులపై పరీక్షించారా? వీటికి సమాధానం లేని అంకెను నమ్మి వైద్యుడు వ్రాసిన మందును మానరాదు.