చైనా మాటలు – మన కొల్లేటి బొమ్మలు



ఆకివీడు హాస్టల్లో టెన్త్ వరకు కలిసి చదివిన మేము ముగ్గురం 2018లో డాక్టరు చదువుకు చైనా వెళ్ళాం. "పాఠాలన్నీ ఇంగ్లీషులోనే, చైనా భాషతో పనే లేదు" అని పంపిన ఏజెంటు చెప్పాడు. పాఠాలు ఇంగ్లీషులోనే జరిగాయి, నిజమే. కానీ వార్డులో మంచం మీద ఉన్న రోగికి ఇంగ్లీషు రాదు గదా! నొప్పి ఎక్కడో ఆయన చెప్పేది అర్థం కాకపోతే ఎన్ని పుస్తకాలు చదివి ఏం లాభం? అందుకే ఆ మాటలను ఎలా గుర్తుపెట్టుకున్నామో ఈ వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాం. చైనా వెళ్ళనివారికి కూడా ఇందులో పనికొచ్చేది ఉంది.

తెలుగులో 56 అక్షరాలు, గుణింతాలు, వత్తులు వస్తే ఏ మాటైనా చదివేస్తాం. చైనా భాషకు అలాంటి అక్షరమాల లేదు. 2010లో వచ్చిన హెచ్.ఎస్.కె. పరీక్షా పద్ధతిలో మొదటి మెట్టుకే 150 మాటలు, నాలుగో మెట్టుకు 1200 మాటలు పెట్టారు. 2021లో ప్రమాణాలు మార్చి తొమ్మిది మెట్లు చేశారు. ఎక్కాల్లా వల్లెవేస్తే ఆ మాటలు నోటికి వస్తాయి గాని కంటికి రావు. కంటికి బొమ్మ కావాలి. అది మనం పుట్టి పెరిగిన చోటి బొమ్మ అయితే ఒక పట్టాన చెరిగిపోదు.

చెట్టును 'ము' అంటారు. నిలువుగా మాను, అడ్డంగా కొమ్మ, కిందికి రెండు వేళ్ళు. రెండు చెట్లు పక్కపక్కన వేస్తే తోపు, మూడు వేస్తే అడవి. చెట్టు పక్కన మనిషి నిలబడితే విశ్రాంతి. మాకది నాట్లు వేసి గట్టుమీది చెట్టు నీడకు చేరిన మా అమ్మల బొమ్మ. పొలం అంటే నలుచదరపు గడి, లోపల అడ్డంగా ఒక గట్టు, నిలువుగా ఒక గట్టు. చేప 'యు' అక్షరానికి పైన తల, నడుమ అవే నాలుగు మడులు, కింద ఒక గీత. తొలినాళ్ళలో అది అచ్చంగా చేప బొమ్మే. మాకు మాత్రం వరిపొలం తవ్వి చేపల చెరువు చేసిన మన ఊళ్ళ సంగతే కనిపించింది. ఆకివీడు కుర్రవాడు ఆ అక్షరం మర్చిపోతాడా?

సరస్సును 'హు' అంటారు. ఎడమన మూడు నీటి చుక్కలు, మధ్యలో 'పాత' అనే అక్షరం, కుడిన చంద్రుడు. పాత నీళ్ళ మీద వెన్నెల, అంటే మన కొల్లేరే! అయితే ఇక్కడొక సంగతి ఉంది. అర్థం చెప్పేవి ఆ చుక్కలే. మిగిలిన భాగాన్ని ఉచ్చారణ కోసం పెట్టారు. దాన్ని విడిగా చదివినా 'హు' అనే పలుకుతుంది. చైనా అక్షరాల్లో ఎక్కువ భాగం ఇలాగే ఒక ముక్క అర్థానికి, ఒక ముక్క శబ్దానికి ఉంటాయి. అన్నిటికీ కథలు అల్లుకుంటూ పోతే చివరికి కథలే మిగులుతాయి. అర్థపు ముక్కను కంటికి, శబ్దపు ముక్కను చెవికి అప్పజెప్పాలి.

వైద్యం మాటలకు ఈ పద్ధతి బాగా పనిచేసింది. కాలేయం, ఊపిరితిత్తి, పేగు, నడుము – ఈ అక్షరాలన్నిటికీ ఎడమన చంద్రుడిలాంటి ముక్క ఉంటుంది. నిజానికి అది 'మాంసం' అనే అక్షరం మారిన రూపం. జబ్బుల అక్షరాలకు చూరులా వంగిన ముక్క ఉంటుంది. ప్రాచీన రూపంలో అది మంచం మీద పడుకున్న మనిషి. నిప్పు మీద నిప్పు పెడితే 'యెన్', అంటే శరీరంలో వాపు, మంట. ఊపిరితిత్తి 'ఫెయ్'తో కలిస్తే 'ఫెయ్ యెన్', న్యుమోనియా. కాలేయం 'కాన్'తో కలిస్తే హెపటైటిస్. 2020లో మమ్మల్ని ఇంటికి పంపిన కరోనాను కూడా అక్కడ ఆ రోజుల్లో 'ఫెయ్ యెన్' చేర్చే పిలిచారు.

ఇక స్వరాలు నాలుగు. 'యావ్' అని ఒకే ఎత్తులో పలికితే నడుము, పైనుంచి కిందికి దించితే మందు. అందుకని ప్రతి మాట పక్కన అడ్డగీత, ఎక్కే గీత, లోయ, దిగే గీత – వీటిలో ఒకటి వేసి, చేత్తో గాలిలో గీస్తూ చదివాం. 1958లో చైనా ఆమోదించిన రోమన్ రాతలో 'డి'తో రాసేది మన 'త'కు, 'టి'తో రాసేది మన 'థ'కు దగ్గర. ఒత్తక్షరాలు శ్రద్ధగా పలికించిన మన తెలుగు మాస్టారికి అక్కడినుంచే దండం పెట్టుకున్నాం.

చైనా వీసాలు మళ్ళీ 2022 ఆగస్టులో గాని తెరుచుకోలేదు. ఆ రెండున్నరేళ్ళు ఫోనులో పాఠాలు, పగలు చెరువుల మీద కూలిపని, ఇంట్లో మా చదువుకు చేసిన అప్పు. నేర్చిన మాటలు ఆ గ్యాపులో పోకూడదని కార్డులు తయారుచేశాం. పాత శుభలేఖలు కత్తిరించి ముందు బొమ్మ, వెనుక అక్షరం, స్వరపు గీత వేశాం. తెలుగు అర్థం ఎక్కడా రాయలేదు. బొమ్మ చూసి అక్షరం రాశాకే కార్డు తిప్పాలి. చూసి "ఓ, ఇది తెలుసు" అనుకోవడం వేరు, చూడకుండా రాయడం వేరు.

చదివింది ఎంత త్వరగా మరిచిపోతామో జర్మనీ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు. లైట్నర్ 1972లో గదుల పెట్టె పద్ధతి ప్రచారం చేశాడు. మేము చెప్పుల పెట్టెలో అట్టలు పెట్టి అయిదు గదులు చేశాం. వచ్చిన కార్డు తర్వాతి గదికి పోతుంది, రానిది మొదటి గదికి తిరిగొస్తుంది. మొదటి గది రోజూ, రెండోది రెండు రోజులకు, మూడోది వారానికి, నాలుగోది పక్షానికి, అయిదోది నెలకోసారి తీశాం. పాత క్యాలెండర్ల వెనుక నిలువెత్తు మనిషి బొమ్మ వేసి గోడకు అంటించాం. ఒకరు కర్రతో చూపిస్తే మరొకరు ఆ భాగం పేరు చెప్పాలి.

తిరిగి వెళ్ళాక 2023లో వార్డులో ఒక ముసలమ్మ నడుం పట్టుకుని "యావ్ థెంగ్" అంది. నడుము నొప్పి! "ఎన్నాళ్ళ నుంచి, నాయ్‌నాయ్?" అని వాళ్ళ భాషలోనే అడిగాం. నాయ్‌నాయ్ అంటే మామ్మ. ఆమె మా చెయ్యి పట్టుకుని గబగబా చెప్పుకుపోయింది. సగమే అర్థమైనా ఆ సగంతో కేసు షీటు రాయగలిగాం.

తమ్ముళ్ళూ, ఇంగ్లీషైనా, హిందీ అయినా, సైన్సు పేర్లైనా మీ కళ్ళకు అలవాటైన వాటితో ముడిపెట్టండి. తాటిదోనె, ఉప్పుటేరు, గూడబాతు – ఇవన్నీ మనకు ఖర్చులేని పాఠ్యపుస్తకాలే. విదేశీ చదువుకు వెళ్ళేవారు అక్కడి రోగులు ఏ భాష మాట్లాడతారో ముందే కనుక్కోండి. మా కార్డుల పెట్టెను హాస్టల్ లైబ్రరీకి ఇస్తున్నాం. ఖాళీ శుభలేఖలు కూడా ఒక కట్ట ఉంచాం. వాటిమీద మీ బొమ్మలు మీరు వేసుకోండి.