ఓబ్ నది ఒడ్డున లెక్కల బడి

ఉరల్ పర్వతములు దాటినది మొదలు రైలు కిటికీలోని దృశ్యము మారుట మానుకొనెను. ఓమ్స్క్ నగరము వెనుకబడిన పిమ్మట ఎదురైనది బరాబా మైదానము: కనుచూపుమేర చదును నేల, అందులో నీరు నిలిచిన చిత్తడి గుంటలు, గుంటల గట్లమీద గుంపులు గుంపులుగా తెల్లబెరడు బిర్చి చెట్లు, సెప్టెంబరు మాసాంతము గనుక వాని ఆకులన్నియు పండి పసుపువన్నె దాల్చియున్నవి. మాస్కోనుండి నొవొసిబీర్స్కునకు దాదాపు 3,300 కిలోమీటర్లు. ఆ దూరమును విమానముపై ఒక పూటలో దాటవచ్చునని యెఱిగియు నేను రైలునే కోరుకొంటిని. సైబీరియా యనగా ఎంతటిదో కాళ్లకు కాకున్నను కన్నులకైనను తెలియవలెనని నా పట్టుదల. పెట్టెకొక పరిచారిక యుండి, మరుగునీటి బాయిలరును చల్లారనీయక, లోహపు తొడుగులో నిలిపిన గాజుగ్లాసులతో అడిగినప్పుడెల్ల తేనీరు తెచ్చి యిచ్చుచుండెను.

ఈ ప్రయాణమునకు కారణము చెప్పవలెనన్న విశాలాంధ్ర పుస్తకశాలను తలంచుకొనక తీరదు. మాస్కోలో కూర్చుండి ఉప్పల లక్ష్మణరావుగారి వంటి పెద్దలు తెనిగించిన సోవియట్ పుస్తకములు, మంచి కాగితముమీద, వేరుసెనగకాయల వెలకు మన పల్లెటూళ్లకు చేరుచుండిన కాలమున అక్షరములు దిద్దినవారిలో నేనొకడను. సైబీరియా అడవి నడుమ శాస్త్రజ్ఞులకై ఒక పట్టణమును, ఆ పట్టణములో లెక్కలయందు అభిరుచి గల పిల్లలకై ఒక బడిని కట్టినారని ఆ రోజులలోనే యెక్కడనో చదివితిని. ఆ బడిని చూడవలెనను కోరిక నాతోపాటు ముదిరినది.

ఓబ్ నదిమీది వంతెన దాటి బండి నగరమున ప్రవేశించెను. ఆ నగరమునకు రైలు వంతెనయే తల్లి. 1893లో దానిని కట్టుటకు వచ్చిన కూలీల గుడిసెలు పెరిగి పెరిగి నేడు పదహారు లక్షల జనము గల మహానగరమైనవి. వంతెనకు తావు నిర్ణయించిన ఇంజనీరు గారిన్-మిహైలోవ్‌స్కీ రష్యను సాహిత్యమున పేరుపడిన రచయిత కూడ నగుట మన బోటివారికి సంతోషము గొల్పు విషయము. స్టేషనులో మా ఊరి కుఱ్ఱవాడొకడు వేచియుండెను. అచట వైద్యవిద్య నభ్యసించుచున్నాడు, రష్యను ధారాళముగా మాటలాడును. "బాబాయిగారూ, చెవులు కప్పుకోండి, ఇక్కడి గాలి నమ్మదగింది కాదు" అనుచు తన ఊలుటోపీ తీసి నా నెత్తిన పెట్టెను. అతడే నాకు దుబాసీ.

అకదెమ్‌గొరదోక్, అనగా ఆ విద్యా పట్టణము, నగరమునకు దక్షిణముగా ఇరువది కిలోమీటర్లకు పైబడి యున్నది. 1957లో సోవియట్ ప్రభుత్వము విజ్ఞాన పరిషత్తునకు సైబీరియా శాఖ నేర్పరచినప్పుడు, ఆ తలంపునకు మూలపురుషుడైన మిహయీల్ లవ్రేంత్యెవ్, తాను గణితజ్ఞుడును, విస్ఫోటన శాస్త్రమున ఉద్దండుడును అయియుండియు, మాస్కో వదలి వచ్చి ఇచటి వాగు ప్రక్కన ఒక కొయ్య యింట కాపురము పెట్టెనట. చెట్లను వీలయినంతవఱకు నఱకక, వాని నడుమనే వీధులు తీర్చినారు. పైన్, బిర్చి చెట్ల సందున ఒక్కొక్క పరిశోధనాలయము అగపడును. దారిలో జన్యుశాస్త్ర సంస్థ ముందర, కన్నులకు అద్దములు తగిలించుకొని జన్యుసూత్రమును ఊలు అల్లినట్లు అల్లుచున్న యొక యెలుక విగ్రహమున్నది. ప్రయోగశాలలలో ప్రాణములర్పించిన యెలుకల స్మృత్యర్థము 2013లో దానిని నిలిపిరి. రాజుల విగ్రహములు అనేకము చూచితిని గాని, ఋణము తీర్చుకొనుటకై నిలిపిన విగ్రహము ఇదియే యని తోచినది.

బడి చరిత్ర వినదగినది. పరిశోధనాలయములు లేచినవి, 1959లో విశ్వవిద్యాలయము తెఱచిరి. కాని అందు చదువుకొను పిల్ల లేరీ? మాస్కో, లెనిన్‌గ్రాడు పిల్లలు సైబీరియాకేల వత్తురు? ఇచటి పిల్లలన్ననో వేలకొలది మైళ్ల అడవిలో, గనుల ఊళ్లలో, రైలు కూడళ్లలో చెదరియున్నారు. వారిలో తెలివిగల వాడెవడో వాని పంతులుకే తెలియకపోవచ్చును. అందుచేత గణితజ్ఞులు వార్తాపత్రికల నాశ్రయించిరి. సైబీరియా, దూరప్రాచ్య ప్రాంతముల పత్రికలలో లెక్కలు ప్రకటించి, చేతనైనవారు చేసి టపాలో పంపుడనిరి. ఉత్తరములు వ్రాసినవారిలో మెఱుగైన పిల్లలకు తమతమ ప్రాంతములలోనే రెండవ పోటీ. అందు గెలిచినవారికి 1962 వేసవిలో ఈ పట్టణముననే సెలవు బడి, ఆ మీదట తుదిపోటీ. వారితోనే 1963 జనవరిలో భౌతిక గణిత పాఠశాల మొదలైనది. సోవియట్ యూనియనులో ఈ రకపు ఆవాస పాఠశాల ఇదియే ప్రథమము. మాస్కో, లెనిన్‌గ్రాడు, కీవ్ నగరములలో కూడ ఇట్టివి పెట్టుటకు ప్రభుత్వపు టుత్తరువు ఆ సంవత్సరము ఆగస్టులోగాని వెలువడలేదు. ముందు బడి, పిదప ఉత్తరువు! మన దేశమున ఈ క్రమము తలక్రిందులుగా నుండును. పెక్కు తావుల ఉత్తరువు తరువాత బడి కూడ రాదు.

మేము పోయిన పాఠము నడుపుచున్నవాడు బడిపంతులు కాడు. గణిత పరిశోధన సంస్థలో పనిచేయు పండితుడు, నలువది యేండ్లవాడు, బూట్లకు అడవి బురద యంటియుండెను. తొమ్మిది మొదలు పదునొకండవ తరగతి వఱకే ఇచట చదువు. విశ్వవిద్యాలయమున వలె ముందు పెద్ద గదిలో ఉపన్యాసము, పిదప చిన్న గుంపులుగా అభ్యాసము. మాది అభ్యాసపు గది. ఆయన నల్లబల్లమీద ఒక్క వాక్యము వ్రాసెను: ఒక విందులో ఎందరున్నను సరే, పరిచితుల సంఖ్య సమానముగా గలవారు ఇద్దరైనను ఉండి తీరుదురు. వ్రాసి, కిటికీకి చేరగిలబడి మిన్నకుండెను. నిశ్శబ్దము చాలసేపు సాగినది; ఎవ్వరును దానికి తొందరపడలేదు.

కడకు పొడుగాటి యొక బాలుడు లేచి చెప్పదొడగెను. పదిమంది యున్నారనుకొందము, ఒక్కొక్కరికి పరిచితులు సున్న మొదలు తొమ్మిది వఱకు ఉండవచ్చును. పదిమందికి పది వేఱు వేఱు సంఖ్యలు కావలెనన్న, సున్నవాడొకడు, తొమ్మిదివాడొకడు ఉండక తప్పదు. తొమ్మిదివాడు అందఱ నెఱుగును, సున్నవాని నెట్లెఱుగును? అంతటితో నిరూపణము ముగిసినదని నేను మనస్సులోనే చప్పట్లు కొట్టితిని. పండితుడు మాత్రము "బాగు" అనలేదు, "కాదు" అనలేదు, "ఇంకెవరైన?" అనెను. వెనుక బల్లనుండి యాకూతియా ప్రాంతపు బాలిక, చేయి సగమే యెత్తి, "విందుకు ఒక్కడే వస్తే?" అనెను. గది ఘొల్లున నవ్వినది. పండితుడు నవ్వక బల్లవద్దకు పోయి, తాను వ్రాసిన వాక్యములో "ఎందరున్నను" అనుదానిని కొట్టివేసి "ఇద్దరికి తక్కువ గాకున్న" అని దిద్దెను. తన తప్పును పిల్ల పట్టుకొనుటకే ఆయన అట్లు వ్రాసెనో, నిజముగా మఱచెనో నాకు నేటికిని అంతుపట్టలేదు.

బయటికి వచ్చినప్పుడు మా కుఱ్ఱవాడు నెమ్మదిగా, "మా కాలేజీలో ఇట్లాంటి లెక్క ఇస్తే, ముందు ఇది ఏ చాప్టర్ దని అడిగేవాళ్లం బాబాయిగారూ" అనెను. అతడు ఇంటర్మీడియట్ విజయవాడ దాపున ఒక ఆవాస కళాశాలలో చదివెను. తెల్లవాఱక మునుపు లేచి వేలకొలది లెక్కలు చేసినవాడు. ఆ శ్రమను నేను తక్కువ చేయను; ఎందఱో పేదల బిడ్డలు దానివలననే గట్టెక్కిరి. కాని మనవద్ద లెక్క యిచ్చువానికి సమాధానము ముందే తెలిసియుండును, ఆ సంగతి పిల్లవానికిని తెలియును. కనుక వాని బుద్ధి లెక్కను వదలి, ఇచ్చినవాని మనస్సులో నున్నదానిని వెదకుటకు అలవాటుపడును. ఇచట పాఠము చెప్పువాడు అడవిలోని కాలిబాటను వచ్చి, పాఠము కాగానే తనకు తెగని లెక్కవద్దకు తిరిగిపోవును. భేదమంతయు ఆ కాలిబాటలోనే యున్నదని నా నమ్మకము.

కంప్యూటరు గదిని గూర్చి వర్ణింపదగినది లేదు. ప్రపంచమున అన్ని కంప్యూటరు గదులును ఒక్కటే. అయినను ఈ పట్టణమునకు ఆ విద్యతో గల సంబంధము సామాన్యమైనది కాదు. ప్రోగ్రామింగు రెండవ అక్షరాస్యత యని 1981లో లొజాన్ నగరపు ప్రపంచ సదస్సులో ఉపన్యసించిన ఆంద్రేయ్ ఎర్షోవ్ ఈ ఊరివాడు. ఆయన శిష్యవర్గము పిల్లలకై రష్యను పదములతో "రపీర" యను ప్రోగ్రామింగు భాషను నిర్మించెను. 1976 నుండి వేసవులలో బాల ప్రోగ్రామరుల బడి నడచినది. 1985 సెప్టెంబరు 1వ తేదీన సోవియట్ యూనియను బడులన్నింట కంప్యూటరు శాస్త్రము పాఠ్యాంశమైనప్పుడు దాని పాఠ్యపుస్తకమునకు ఎర్షోవ్ సంపాదకులలో నొకడు. చిక్కేమనగా, పుస్తకము చేరిన బడులలో అత్యధిక భాగమునకు కంప్యూటరు చేరలేదు. పిల్లలు నోటుపుస్తకములలో ప్రోగ్రాములు వ్రాసి, యంత్రము చేయవలసిన పనిని తామే వరుస తప్పక చేసి చూచుకొనిరి. గట్టున కూర్చుండి ఈత నేర్చినట్లున్నదే యని నేనంటిని. ఆ విషయము బోధించు వృద్ధురాలు ఒప్పుకొనలేదు. "ఆనాటి పిల్లలు మీట నొక్కడానికి ముందు ఆలోచించేవారు. ఈనాటివాళ్లు నొక్కి, తప్పు వచ్చాక ఆలోచిస్తారు" అనెను. పెద్దవారి మాట యెక్కడనైనను ఇట్లే యుండును గాని, ఇందు కొంత నిజము లేకపోలేదు.

వసతిగృహమును చూపిరి. మంచముల నడుమ బల్లమీద ఇంటినుండి వచ్చిన పండ్లజాము సీసాలు. గోడనొక పటముమీద ఎవరి ఊరివద్ద వారు గుండుసూదులు గుచ్చిరి. ఓబ్ నదినుండి పసిఫిక్ మహాసముద్రము వఱకు ఆ సూదులు వ్యాపించియుండెను. పదునైదేండ్ల బిడ్డను అంత దూరము పంపి తల్లి యెట్లుండునో యని నేనన్నమాటకు వార్డెను, తొలి నెలలో ఏడువని పిల్లలు అరుదనియు, కొందఱు తిరిగి పోదురనియు దాపరికము లేక చెప్పెను.

సాయంకాలము తిరిగి వచ్చుచుండగా, విశ్వవిద్యాలయము మలుపున ఉదయపు పండితుడు ఎదురుపడెను. చేత కాగితముల కట్ట. మా కుఱ్ఱవాడు చొరవచేసి, ఆయన తాను పరిశోధించుచున్న లెక్క యేమైనదని యడిగెను.

"తేలలేదు."

"ఎప్పటికి తేలుతుంది?"

"అది తెలిస్తే సగం తేలినట్లే. మా పదకొండో తరగతివాళ్లు కూడా వారం వారం ఇదే అడుగుతారు" అని, బస్సు వచ్చు వేళయైనదని మాకు గుర్తుచేసి, ఆయన తన సంస్థవైపునకు గబగబ నడచిపోయెను.