రోజుకు పది వాక్యాలు

"రోజూ రాస్తే మీకేమొస్తుంది?" అని మమ్మల్ని చాలామంది అడిగారు. బడిలో తోటి టీచర్లు అడిగారు, ఇంట్లోవాళ్ళు అడిగారు, మా చుట్టాలూ అడిగారు. ఫేసుబుక్కులో రాస్తే డబ్బులిస్తారా అని కొందరికి అనుమానం. ఇవ్వరు. పైగా ఫోను రీచార్జి మాదే. మరెందుకు రాస్తున్నామో ఒక చోట చెబుదామని ఈ వ్యాసం.

మేమంటే నలుగురం. ఇద్దరం ఎరుకల, ఒకరు యానాది, ఒకరు సుగాలి. బోయపాలెం డైట్‌లో ఉపాధ్యాయ శిక్షణ రెండేళ్ళూ కలిసి చదివాం. డీఎస్సీ రాసి, ఇప్పుడు గుంటూరు చుట్టుపక్కల మండలాల్లో సెకండరీ గ్రేడు టీచర్లుగా పనిచేస్తున్నాం. మాలో ఇద్దరం బ్రాడీపేటలో అద్దెకుంటున్నాం. లైను నెంబరు, అడ్డరోడ్డు నెంబరు చెబితే చాలు, ఎవరిల్లయినా దొరికే పేట అది. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, ఆస్పత్రులు, జిరాక్సు షాపులు. అక్కడ ఇల్లు వెతికేటప్పుడు "మీరేవిట్లు?" అనే ప్రశ్న అద్దె కంటే ముందొచ్చేది. ఎరుకలోళ్ళమని చెప్పాక, నిన్నటిదాకా ఖాళీగా ఉన్న పోర్షనులోకి ఓనరు చుట్టాలు దిగిపోయేవాళ్ళు. మూడో ఇంట్లో ఒక పెద్దావిడ ఏమీ అడగకుండా తాళంచెవి చేతిలో పెట్టింది. ఆదివారాలు మేం నలుగురం కూర్చునేది ఆ పోర్షనులోనే.

మా గురించి రాయడం మాతో మొదలు కాలేదు. చాలాకాలం నుంచి రోజూ రాస్తూనే ఉన్నారు, రాసింది వేరేవాళ్ళు. 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టం, 1911లో కొత్త రూపంలో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవాళ్ళను ఆ జాబితాలో పెట్టారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో ఒక సెటిల్‌మెంట్ వెలిసింది. దానికి హెరాల్డ్ స్టువర్ట్ అనే దొర పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం. రిజిస్టరులో పేరున్నవాడు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952లో పోయింది. కానీ రిజిస్టరు పోయినంత తేలిగ్గా పేరు పోలేదు.

ఇప్పుడు ఫోనులో స్టువర్టుపురం అని కొట్టి చూడండి. 1991లో వచ్చిన చిరంజీవి సినిమా వస్తుంది, 2023లో వచ్చిన రవితేజ సినిమా వస్తుంది, దొంగల కథలు వస్తాయి. జాషువా గారి కూతురు హేమలతా లవణం గారు, లవణం గారు అక్కడ ఏళ్ళ తరబడి చేసిన సంస్కరణ పని గురించీ కొంత దొరుకుతుంది. వాళ్ళ మీద మాకు గౌరవం ఉంది. అయినా దొంగగానో, మారిన దొంగగానో తప్ప మావాడు ఆ తెర మీద కనిపించడు. పొద్దున్నే లేచి ఈతబరికెలు చీల్చేవాడు, డిగ్రీ పరీక్ష ఫీజు కోసం పందిపిల్లను అమ్మినవాడు, నర్సు ఉద్యోగం చేసే అమ్మాయి, వీళ్ళెవరూ లేరు. వీళ్ళ గురించి ఎవరో ఒకరు రాస్తే గదా ఉండేది. మా మొదటి కారణం ఇదే.

రోజూ ఎందుకు, వారానికొకటి చాలదా అంటారు. దీనికి మాకు ఒక మనిషి దారి చూపించాడు. 2015 జనవరిలో బల్గేరియాకు చెందిన వాసియా అతనసోవా వికీపీడియాలో ఒక పందెం పెట్టుకుంది: వంద రోజులు, రోజుకొక కొత్త వ్యాసం. తెలంగాణకు చెందిన నాటకరంగ పరిశోధకుడు ప్రణయ్‌రాజ్ వంగరి ఆ స్ఫూర్తితో 2016 సెప్టెంబరులో తెలుగు వికీపీడియాలో మొదలుపెట్టి, వంద దగ్గర ఆగకుండా ఏడాది రాశాడు. 2019 నాటికి వెయ్యి రోజులు, వెయ్యి వ్యాసాలు. ఆ తర్వాతా ఆపలేదు. జీతం లేదు, వ్యాసం పైన పేరూ ఉండదు. ఇది చదివినప్పుడు మేము లెక్క వేసుకున్నాం. పెద్ద విషయం దొరికినప్పుడు రాద్దామనుకుంటే ఏడాదికి రెండు రాస్తాం. ఈ రోజుది ఈ రోజే రాయాలనుకుంటే చిన్న విషయమైనా కంటికి ఆనుతుంది. రాత్రికి పది వాక్యాలు కావాలని తెలిస్తే, పొద్దున బస్సెక్కినప్పటి నుంచీ మనిషి చూసే తీరే మారిపోతుంది.

అందుకే మా పద్ధతి రోజుకు పది వాక్యాలు. రాత్రి తొమ్మిదిలోపు పెట్టెయ్యాలి. మొదట్లో మాలో ఒకరు రాసినవి బ్రాడీపేట డీటీపీ షాపులో అను ఫాంటులో కొట్టించి, ఫొటో తీసి పెట్టేవారు. చూడ్డానికి బాగుండేది గానీ వెతికితే దొరికేది కాదు. ఇప్పుడు ఫోనులోనే యూనికోడులో కొడుతున్నాం. రేపు ఎవరైనా "ఎరుకల బుట్ట" అని వెతికితే మా పది వాక్యాలు దొరకాలి.

ఏం రాస్తామంటే, చేతిలో ఉన్నదే రాస్తాం. వెదురు దబ్బల గంప అల్లడానికి ఎంత సేపు పడుతుంది, ప్లాస్టిక్ టబ్బు పక్కన పెడితే దానికెంత ధర పలుకుతుంది. వరిచేలో ఎలుక కలుగు చూసి, కుండలో గడ్డి పొగబెట్టి ఊదే యానాది తాతకు ఏ కలుగులో ఎలుక ఉందో, ఏది ఖాళీయో ఎట్లా తెలుస్తుంది. సుగాలి అవ్వ పాత లంగాకు అద్దాలు కుట్టేటప్పుడు లెక్క ఎట్లా పెట్టుకుంటుంది. ఇవి పాఠ్యపుస్తకంలో లేవు, మా పిల్లల ఇళ్ళల్లో ఉన్నాయి.

జనవరి వచ్చిందంటే మిరపకోతలు. తల్లిదండ్రులు చేలకు పోతే పిల్లలూ వెంట పోతారు. పెద్దపిల్లలు కాయ కోస్తారు, చిన్నవాళ్ళు కల్లంలో తాలుకాయలు ఏరతారు, లేకపోతే చంటివాణ్ణి చూసుకుంటారు. టిక్కీలు గుంటూరు యార్డుకు చేరే రోజుల్లో మా తరగతిలో బెంచీలు ఖాళీ. ఒక సంవత్సరం మాలో ఒకరు, పేర్లు లేకుండా, ఊరి పేరు లేకుండా, రోజూ ఒక్క సంగతే రాశారు: ఈ రోజు ఎంతమంది రాలేదు, వాళ్ళు వచ్చి ఉంటే ఏ పాఠం వినేవాళ్ళు. పన్నెండో రోజున ఒక రైతు బడి దగ్గర స్కూటరు ఆపాడు. "మేష్టారూ, మీరు రాసేది నా చేను గురించేనా?" అన్నాడు. కోపంగానే అడిగాడు. మర్నాడు ఇద్దరు పిల్లలు బడికొచ్చారు. మిగతావాళ్ళు కోతలయ్యాకే వచ్చారు. పది వాక్యాలతో లోకం మారుతుందని మేము చెప్పబోవడం లేదు. ఇద్దరు పిల్లలు రెండు నెలల ముందు వచ్చారు, అంతవరకు నిజం.

లైకుల సంగతి దాచిపెట్టి లాభం లేదు. మేమూ చూస్తాం. పొద్దున లేచి ముఖం కడుక్కోకముందే చూస్తాం. మొదటి నెలల్లో ఒక్కోదానికి పదో పదకొండో వచ్చేవి, అందులో నాలుగు మావే. తండా ఆడవాళ్ళ ఆట ఫొటో పెడితే వందల్లో వచ్చాయి. గంప ధర గురించి రాస్తే తొమ్మిది. ఇక్కడే ప్రమాదం ఉంది. ఎక్కువ లైకులొచ్చేవే రాస్తూ పోతే, మన ఆటా మన ఆకలీ అమ్ముకునే అంగడి అవుతుంది. అందుకని మొదట్లోనే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. పిల్లల ముఖాలు పెట్టకూడదు. ఎవరి గురించి రాస్తే వాళ్ళకు ముందు చదివి వినిపించాలి. వద్దన్నది తీసెయ్యాలి.

ఒకసారి బుట్టలల్లే మా పిన్నమ్మ వరసావిడకు రాసింది చదివి వినిపించాం. అన్నం లేని రోజుల గురించి ఆమే చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. అంతా విని, "మన ఆకలి ఊరందరికీ ఎందుకురా అబ్బాయ్, అది నీకు చెప్పుకున్నా. నా అల్లిక గురించి రాయి, అంచు ఎట్లా తిప్పుతానో రాయి" అంది. ఆ వాక్యాలు తీసేసి, అంచు తిప్పే పద్ధతి రాశాం. దానికి ఒంగోలు వైపు నుంచి ఒకాయన గొంతు సందేశం పంపాడు: "మా అమ్మ ఇట్టా కాదు తిప్పేది, ఇంకో మడత ఉంటది" అని. ఆ సందేశాన్ని పిన్నమ్మకు వినిపిస్తే మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని విన్నది. రెండు ఊళ్ళ అల్లికలు అట్లా మాట్లాడుకున్నాయి. వెయ్యి లైకుల కంటే అది మాకు ఎక్కువ.

భాష కూడా ఒక కారణం. మావాళ్ళు తమను కుర్రు అని చెప్పుకుంటారు. ఇంట్లో మాట వేరే, బడిలో మాట వేరే. ఎరుకల సమాజం నుంచి వచ్చిన ఆచార్య సత్తుపాటి ప్రసన్నశ్రీ గారు ఎన్నో ఆదివాసీ భాషలకు లిపులు రూపొందించారు, 2021 సంవత్సరపు నారీశక్తి పురస్కారం అందుకున్నారు. మాకు అంత విద్య లేదు. వారానికొక ఇంటి మాటను తెలుగక్షరాల్లో రాసి, మీ ఇళ్ళల్లో ఏమంటారని అడుగుతున్నాం. మా బడిపిల్లలు ఇంటికెళ్ళి నాయనమ్మలను అడుగుతున్నారు. ఇంట్లో మాట మాట్లాడితే నవ్వుతారని నోరు మూసుకునే పిల్ల, టీచరు రాసిన మాటలో తప్పు పట్టడానికి చెయ్యెత్తింది.

తిట్లూ వస్తాయి. "రిజర్వేషన్ ఉద్యోగం చేసుకుంటూ ఇంకేం కావాలి మీకు" అని రాసినవాళ్ళున్నారు. రాసినదాన్ని తీసెయ్యమని ఫోను చేసినవాళ్ళున్నారు. తిట్టుకు తిట్టు రాయడానికి పది వాక్యాలు ఖర్చు పెట్టం. ఆ రాత్రి కూడా గంప గురించో బెంచీ గురించో రాస్తాం. కొన్ని రాత్రులు ఒళ్ళు అలిసి రాయబుద్ధి కాదు. అప్పుడు నలుగురిలో ఒకరు ఫోను చేసి "ఈ పూటది ఏదీ?" అంటారు. ఒంటరిగా అయితే మేము ఎప్పుడో మానేసేవాళ్ళం.

ఈ చిన్న పుస్తకం చదివే మీలో టీచర్లున్నారు, అంగన్‌వాడీ వాళ్ళున్నారు, చదువుకునే పిల్లలున్నారు. మీ తండాలో, మీ సంఘంలో, మీ గూడెంలో ఈ రోజు జరిగినదాన్ని రాసేవాళ్ళు మీరు తప్ప ఇంకెవరూ లేకపోవచ్చు. పదం తప్పు పోతుందేమోనని ఆగకండి, చదివేవాళ్ళే దిద్దుతారు. ముందు పది వాక్యాలు రాయండి, ఎవరి గురించి రాశారో వాళ్ళకు చదివి వినిపించండి, తర్వాత పెట్టండి.