భవిష్యత్తులో భూతం

ఇంగ్లీషు కాలాలన్నిటినీ మన పిల్లలు ఎలాగో సహిస్తారు గానీ, భవిష్యత్ సంపూర్ణ కాలం దగ్గరికొచ్చేసరికి పుస్తకం మూసేస్తారు. వాళ్లననడానికి లేదు. ఇంకా జరగని పనిని జరిగిపోయినట్టు చెప్పమంటే ఎవరికైనా బెదురే. భవిష్యత్తులో భూతం కూర్చుంటే భయపడరూ మరి!

మాది అగళి. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. పొలిమేర దాటితే కర్ణాటక. అందుకే ఇక్కడ చాలా ఇళ్లలో కన్నడం వినిపిస్తుంది. సాయంత్రాలు మా ఇంటి పంచలో ఇంటర్మీడియెట్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. బోర్డు మీద "విల్ హావ్" అని రాయగానే ముఖాలు వాడిపోతాయి. అప్పుడు సుద్దముక్క పక్కన పెట్టి అడుగుతాను: "ఇప్పుడు బయల్దేరితే మడకశిర బస్సు దొరుకుతుందా?"

"యాడ దొరుకుతుంది సార్! మనం పోయేసరికి అది పోయింటుంది."

అదుగో, "విల్ హావ్ గాన్" రానే వచ్చింది! కోస్తావాళ్లు "పోయి ఉంటుంది" అని రెండు ముక్కలుగా అనేదాన్ని మన సీమవాళ్లు ఒక్క ముక్క చేశారు. కన్నడంలో "హోగిరుత్తె" అన్నా కట్టుబడి అదే. పరాయిదనుకున్న కాలం ఇంట్లోదేనని తేలాక సగం భయం పోతుంది.

మిగతా సగంలో రెండు చిక్కులు. "నాయన తోటకి పోయింటాడు" అంటే మనకది ఇప్పటి సంగతి మీద ఊహ. ఇంగ్లీషు "విల్ హావ్"కీ ఆ అర్థం లేకపోలేదు గానీ, ఈ పాఠం అడిగేది అది కాదు. రేపటి రోజుల్లో ఒక గుంజ పాతి, ఆలోగా పని ముగుస్తుందని చెప్పాలి. ఆ గుంజ పేరే "బై". రెండో చిక్కు, మన "వచ్చేసరికి"లో ఏ కాలమూ లేదు. పిల్లలేమో రేపటి మాటే కదా అని అక్కడా ఒక "విల్" తగిలిస్తారు. "బై ద టైమ్ ద బస్ కమ్స్" అంటే చాలు. "విల్" అవతలి సగానికే.

ఇవన్నీ చెప్పి, ఆమధ్య సొంతంగా ఒక్కో వాక్యం రాయమన్నాను. నేనింటికి పోయేసరికి తమ్ముడు ముద్దలన్నీ తినేసింటాడని ఒకడు రాశాడు. మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె, వీసమెత్తు తప్పు లేకుండా ఇలా రాసింది: వచ్చే ఏడు ఫలితాలు వచ్చేసరికి నాకు పెళ్లయిపోయి ఉంటుంది.

ఆ పిల్లకు పదహారేళ్లు. చట్టం పద్దెనిమిది అంటుంది.

మర్నాడు వాళ్ల నాయన దగ్గరికి వెళ్లాను. మా వైపు వక్కతోటలున్నాయి; ఆయనా కొత్తగా వక్క మొక్కలు నాటుతున్నాడు.

"కాపు ఎప్పుడొస్తుందన్నా?"

"అయిదేళ్లో, ఏడేళ్లో పడుతుంది సార్."

"చెట్టు కోసం ఏడేళ్లు ఆగుతావు. ఆ కాపు చేతికొచ్చేసరికి అమ్మాయి ఇంటరూ, డిగ్రీ, బీఎడ్డూ ముగించేసింటుంది గదన్నా! పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే కేసు కూడా అవుతుంది."

ఆయన జవాబు చెప్పలేదు. వంగి పాదు సరిచేస్తూ ఉండిపోయాడు. అమ్మాయి మాత్రం ఇప్పటికీ ట్యూషన్‌కి వస్తోంది.

ఆ వాక్యానికి రైటు కొట్టక తప్పలేదు. రైటు కొట్టిన వాక్యం తప్పయిపోవాలని కోరుకోవడం, ఇన్నేళ్ల నా పంతులుగిరీలో ఇదే మొదలు.