బాత్రూముకు మెరుపు ఎందుకు?

తాండూరు ఊరు దాటితే రోడ్డుకు రెండు పక్కలా నిలబెట్టిన బండల వరసలే. కొన్ని నీలం, కొన్ని పసుపు. వికారాబాద్ జిల్లాలోని ఈ ఊరి నాపరాయి తెలుగువాళ్ల వరండాల్లో, వంటిళ్లలో, బడుల్లో ఏళ్ల తరబడి కాళ్ల కింద నలుగుతూనే ఉంది. తడి ఉండే చోట ఇది ఎంతవరకు నిలుస్తుందో చూద్దామని ఓ పాలిషింగ్ యూనిట్‌లోకి వెళ్లాను.

లోపల మిషన్ హోరుకు మాట వినపడదు. బండ మీద నీళ్లు ధారగా పడుతుంటే పాలిష్ రాళ్లు గిరగిరా తిరుగుతున్నాయి. బూడిద రంగు బురద కాలువలోకి జారిపోతోంది. అటు చివర బయటికొచ్చిన బండలో ముఖం చూసుకోవచ్చు.

యజమాని మాత్రం బాత్రూము అనగానే ఆ బండ చూపించలేదు. పక్కన పడి ఉన్న ముక్క తీసి, దాని మీద బాత్రూములు కడిగే యాసిడ్ నాలుగు చుక్కలు వేశారు. బుస్సుమని నురగ పొంగింది. నీళ్లు పోసి తుడిస్తే నిగనిగల నడుమ తెల్లటి మచ్చ మిగిలింది, వేలికి గరుకుగా తగిలింది. ‘‘ఇంట్లో యాసిడ్ వాడతారా సార్? అట్లయితే గ్రానైట్ చూసుకోండి’’ అన్నారు. తన సరుకు వద్దని చెప్పే వ్యాపారి అరుదే.

నాపరాయి సున్నపురాయి జాతిది. అందులోని కాల్షియం కార్బొనేట్‌ను హైడ్రోక్లోరిక్ యాసిడ్ తినేస్తుంది. పాలరాయికీ ఇదే గండం. మన ఊళ్లలో బోరునీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, దాన్ని వదిలించడానికి పనివాళ్లు మొదట పట్టుకునేది యాసిడ్ సీసానే. ఆ అలవాటు లేని ఇంట్లో మాత్రం పాలిష్ చేయని గరుకు నాపరాయి చక్కగా పనికొస్తుంది. కాలు జారదు, ఖర్చూ తక్కువ.

టైల్స్ సంగతి వేరు. గోడలకు వేసే మామూలు సిరామిక్ టైల్ బరువులో పది శాతానికి మించి నీళ్లు పీలుస్తుంది, అది గోడకే పరిమితం. విట్రిఫైడ్ సాధారణంగా 0.5 శాతం కూడా పీల్చదు. అయితే ఆ గుణమే మేస్త్రీకి తలనొప్పి: సిమెంటు పాలు దానికి సరిగా పట్టవు, టైల్ అడ్హెసివ్ వాడాల్సిందే. జారుడు విషయంలో ఆర్9 నుంచి ఆర్13 దాకా గుర్తులు ఉంటాయి. అవి నూనె పోసిన వాలు మీద బూట్లతో నడిపించి ఇచ్చినవి. ఉత్త పాదాలకు ఏ, బీ, సీ అనే పరీక్ష వేరే ఉంది, షాపులో దాన్ని అడిగేవాళ్లే తక్కువ. షవర్ కింద చిన్న టైల్స్ మేలు. నీళ్లు పోయే ట్రాప్ వైపు వాటం కుదురుతుంది, సందులు ఎక్కువ కాబట్టి కాలికి పట్టూ దొరుకుతుంది. ఆ సందుల్లో ఎపాక్సీ గ్రౌట్ నింపితే అది నీళ్లు పెద్దగా పీల్చదు, మరకా తొందరగా పట్టదు.

ఇంతా చేసి, కింద వాటర్‌ప్రూఫింగ్ లేకపోతే పైన ఏ రాయి వేసినా కింది ఇంటి సీలింగ్ తడుస్తుంది. గ్రౌట్ అందమే తప్ప ఆనకట్ట కాదు. అందుకే టైల్ వేయకముందే ట్రాప్ మూసి, కనీసం ఒక రోజు నీళ్లు నిలబెట్టి చూడమనండి. షాపుకు వెళ్లినప్పుడు నమూనా ముక్కను నేల మీద పెట్టించి, సబ్బునీళ్లు పోసి, చెప్పులు విప్పి, పక్కన ఒకరి చెయ్యి పట్టుకుని కాలు పెట్టి చూడండి.