ఆకు చూసి గడ్డి వేయాలి

ఒమన్‌లో బాతినా తీరాన ఒక తోటలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఖర్జూర చెట్ల మధ్య మడుల్లో లూసర్న్ గడ్డి పెంచుతాం. మార్కెట్లో కట్ట కొనేవాళ్లు బరువొక్కటే చూడరు, రెండు కాడలు లాగి ఆకు ఎంత ఉందో చూస్తారు. పూత ముదిరేదాకా ఆగితే కాడ గట్టిపడుతుంది, కింది ఆకు రాలిపోతుంది. ఆ కట్టకు మంచి ధర రాదు. ఈ గడ్డిలోని మాంసకృత్తుల్లో సగానికి పైగా ఆకులోనే ఉంటాయి మరి. లూసర్న్‌కు మామూలుగా ఒక్కో ఆకులో మూడు రేకులు. ఐదు, ఏడు రేకులు వచ్చే మొక్కలను ఏరి తయారుచేసిన రకాలు కూడా ఉన్నాయి.

ఇంత చూసినవాణ్ని, ఇంటి దగ్గర మాత్రం దెబ్బతిన్నాను. జగిత్యాల దగ్గర మా ఊళ్లో అప్పు తెచ్చి మూడు బర్రెలు కొన్నాం. నిరుడు విత్తనాల దుకాణంలో "రెండు నిలువుల ఎత్తు పెరుగుతది" అంటే పశుగ్రాసం జొన్న వేయించాను. పెరిగింది కూడా. ఓ రోజు మా ఇంటామె ఫోన్ చేసింది. "బర్రెలు ఆకు తిని కట్టెలు ఇడిచిపెడుతున్నయి. పాలు తగ్గినయి, కిస్తీ ఎట్ల కడదాం?"

మా మేనల్లుడు వ్యవసాయ పాలిటెక్నిక్ చదివాడు. ఆకు ఫొటో చూసి, "మామా, నడి ఈనె సుద్దముక్క లెక్క తెల్లగున్నది. లోపల దంటు బెండు" అన్నాడు. ఈనె మసక ఆకుపచ్చగా ఉంటే దంటులో రసం ఉంటుందట. గోధుమరంగు ఈనె జొన్నలో పీచును గట్టిపరిచే లిగ్నిన్ తక్కువ, పశువుకు బాగా అరుగుతుంది. ఆ రకాన్ని అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు 1978లో వెలుగులోకి తెచ్చారు. అయితే వాటిలో కొన్ని గాలికి పడిపోతాయి, దిగుబడీ కొంత తగ్గొచ్చు. ఒక్క గుణం చూసి ఎంచుకుంటే వచ్చే తిప్పలే ఇవి. నేను ఎత్తు చూసి ఎంచుకున్నాను కదా!

ఇప్పుడు పది గుంటల్లో కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 2008లో విడుదల చేసిన కో-4 నేపియర్ ముక్కలు నాటించాం. ఆకు ఎక్కువ, కాడ మెత్తన. మొదటి కోతకు రెండున్నర నెలలు పడుతుంది. అప్పటిదాకా పచ్చగడ్డి కొనక తప్పదు. ఈ నెల నుంచి ఇంటికి మూడు వేలు ఎక్కువ పంపుతున్నాను.