ధవళేశ్వరమునుండి మన్యమునకు: పాత జిప్సీ బండి కొనదగునా?

బండి కొనుట మగవారి పనియనియు, ఉప్పు పప్పులు కొనుట మన పనియనియు మన యిండ్లలో నొక పంపకము జరిగియున్నది. కాని బండికి పోవు సొమ్మును, ఉప్పు పప్పులకు పోవు సొమ్మును ఒక్క పెట్టెలోనివే గదా! కావున నిట్టి వ్యవహారమున మనమును నాలుగు మాటలు తెలిసికొనియుండుట మంచిది.

మా తమ్ముడు మారేడుమిల్లికి ఆవల, మన్యములోని యొక చిన్న పల్లెలో నుపాధ్యాయుడు. నాలుగు చక్రములకును బలము చేరు పాత జిప్సీ బండి యొకటి కొనదలచి, వెలలో సగము సర్దుమని జ్యేష్ఠమాసమున మాకు వ్రాసెను. సగమనగా లక్షన్నర. మా యమ్మాయి కాలేజి చదువునకై కూడబెట్టిన సొమ్ము తప్ప మాకడ వేఱు ధనము లేదు. బాట చూడక బండి మాట తేల్చరాదని మావారనిరి. తొలకరి వానలు పడినపిమ్మట ఆషాఢమున మేమిద్దఱమును బయలుదేరితిమి.

మొదట మా యూరి బాటలను గూర్చి చెప్పెదను. ధవళేశ్వరమువద్ద గోదావరి సముద్రమువలె విశాలమై, యచ్చటనుండి గౌతమి యనియు, వసిష్ఠ యనియు పాయలై దిగువకు సాగును. ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో మొదలిడి 1852 నాటికి పూర్తిచేయించిన యానకట్ట ముదిసిపోగా, దాని స్థానమున 175 తలుపులు గల బ్యారేజిని నిర్మించిరి. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నున్న యీ కట్టడముమీదుగా బండ్లు ఏటి ఆవలి యొడ్డునకు పోవుచుండును. బాట చదునైనది, తారు వేసినది. దిగువ కోనసీమలోను కాలువగట్ల బాటలు ఇఱుకైనవే కాని, యెత్తుపల్లములు లేనివి. ఇట్టిచోట సామాన్యమైన చిన్నకారు గాని, ఆటో గాని, బస్సు గాని చాలును. ధవళేశ్వరమున కాపురముండి, పెండ్లిండ్లకు పేరంటములకు తిరుగుటకై నాలుగు చక్రముల బలము కొనుట, పెరటి తులసికి నీళ్లు పోయుటకై యేతాము కట్టించుటవంటిది.

వరదలలో నక్కఱకు వచ్చును గదా యని కొందఱందురు. ఈ మాటను జాగ్రత్తగా విచారింపవలెను. బ్యారేజి వద్ద ప్రవాహము 10 లక్షల క్యూసెక్కులు చేరినప్పుడు మొదటి హెచ్చరికయు, 13 లక్షలకు రెండవదియు, 17 లక్షలకు మూడవదియు నిత్తురు. 1986 ఆగస్టులో ముప్పదియైదు లక్షల క్యూసెక్కులు వచ్చినవి. వరద వచ్చిన యేట కోనసీమలోని చాకలిపాలెము, కనకాయలంకల నడుమ నున్న కాజ్‌వే మునుగుటయు, జనులు పడవలలో దాటుటయు పత్రికలలో చదువుచునే యున్నాము. నాలుగు చక్రములకు బలమున్నను ఆ బలము నేలను పట్టుకొన్నప్పుడే చెల్లును. మోకాలిలోతు వేగముగా పాఱు నీరు చిన్నబండిని ప్రక్కకు త్రోసివేయగలదు. అంతకు మించినచో బండి తేలిపోవును. వరదలో మనలను దాటించునది పడవయే కాని జీపు కాదు. ఇది నమ్మి నీటిలోనికి బండి దింపువారు ప్రాణములతో చెలగాటమాడుచున్నారనవలెను.

ఇక మా ప్రయాణము. రాజమహేంద్రవరమున బస్సెక్కి గోకవరము మీదుగా రంపచోడవరము చేరితిమి. 2025 ఆగస్టు 15వ తేదీనుండి మన రాష్ట్రమున ఆడువారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రుసుము లేదు గనుక, నా ప్రయాణమునకు కానియైనను ఖర్చు కాలేదు. మావారు మాత్రము టిక్కెట్టు తీసికొని, "ఇకమీదట నీవొక్కతెవే పోయి రమ్ము" అని నవ్విరి. గోకవరము దాటగానే పొలములు తగ్గి, జీడిమామిడి తోటలును, పిదప నడవియు నెదురగును. రంపచోడవరమునకు సమీపమున నున్న రంప గ్రామము పేరనే 1879 నాటి పితూరీయు, 1922 మొదలు 1924 వఱకు అల్లూరి సీతారామరాజుగారు నడపిన పితూరీయు చరిత్రలో ప్రసిద్ధికెక్కినవి. అచ్చటినుండి మారేడుమిల్లికి పోవు త్రోవలో వెదురుపొదలు ఇరుప్రక్కల వంగి పందిరివేసినట్లుండును. వాన వెలిసిన వెంటనే కొండలనుండి లేచు పొగమంచును చూచి, ఎన్ని కావ్యములలోని వర్షర్తువర్ణనలు జ్ఞప్తికి వచ్చెనో చెప్పజాలను. మారేడుమిల్లి సంతలో వెదురు బొంగులో కాల్చిన కోడికూర అమ్ముచుండిరి. మేము శాకాహారులము గనుక అడ్డాకుల విస్తరిలో వేడి అన్నము తిని ముందుకు సాగితిమి.

ఇంతవఱకు తారుబాటయే. జిప్సీ యవసరము ఎచ్చటను కనబడలేదు. ప్రధానమైన బాట విడిచి లోపలికి తిరిగిన తరువాతనే సంగతి మాఱినది. తమ్ముని పల్లె అచ్చటికి ఏడు కిలోమీటర్లు. ఎఱ్ఱమట్టి బాట, నడుమ వంతెనలు లేని వాగులు రెండు, ఒకచోట నిట్టనిలువు మెట్ట. ఆ త్రోవకు పోవు ఒక అద్దెజీపు నెక్కితిమి. మొదటి వాగు దాటినపిమ్మట బురదలో వెనుకచక్రము దిగబడి ఊరక తిరుగసాగెను. కర్ణుని రథచక్రము భూమిలో క్రుంగిన ఘట్టము నాకు తలపునకు రాకపోలేదు. డ్రైవరు దిగి, ముందు చక్రముల మధ్యనున్న మూతలను త్రిప్పి, మరల కూర్చుండి గేరుప్రక్కనున్న రెండవ కఱ్ఱను లాగెను. బండి మెల్లగా, అరుపు లేకుండ, గుంటలోనుండి పైకి వచ్చెను.

దీని మర్మము చాల సులభము. అన్ని కార్లకు చక్రములు నాలుగే యైనను, ఇంజను బలము సాధారణముగా రెండు చక్రములకే పోవును. ఇట్టి బండిలో ఆ కఱ్ఱ లాగినప్పుడు ముందు చక్రములకును బలము పంచబడును. బురదలో దిగబడిన బండిని ముందు ఎడ్లు లాగుచుండగా వెనుక నలుగురు మనుష్యులు చక్రములకు భుజమానించినట్లు. అదే కఱ్ఱను ఇంకొక మెట్టు త్రోసినచో బండి నడక మందగించి బలము హెచ్చును. మెట్ట దిగునప్పుడు బ్రేకుపై నంతగా ఆధారపడ నక్కఱలేదు. అయితే పొడిగా నున్న తారుబాటపై నీ పద్ధతిని వాడరాదు. మలుపులలో ముందు వెనుక చక్రములు సమముగా తిరుగవు గనుక లోపలి పండ్లచక్రములు బిగిసి చెడును. మఱియు చక్రము గాలిలో తేలినచో బలమంతయు దానికే పోయి వృథాగా తిరుగును. కావున నిది మంత్రము కాదు, ఒక సాధనము.

మేము పోవుచుండగా నెదురుగా నలుగురు మనుష్యులు ఒక దుంగకు దుప్పటి కట్టి, డోలీలో నొక స్త్రీని మోసికొని వచ్చుచుండిరి. జ్వరమట. మేమెక్కిన జీపు ఆగి, వారిని ఎక్కించుకొని వెనుదిరిగెను. తక్కిన రెండు కిలోమీటర్లు మేము నడచితిమి. మా మరదలు రెండవ కానుపునకు అప్పుడు అయిదవ నెల. తమ్ముడు బండి యేల కోరుచున్నాడో ఆ దృశ్యము చూచినపిమ్మట నాకెవ్వరును చెప్పనక్కఱ లేకపోయెను. "అక్కా, బడికి నేను నడచియైనను పోగలను. శ్రావణ భాద్రపదములలో రాత్రివేళ దీనికి నొప్పులు వచ్చిన నేమి చేయుదును?" అని యతడడిగెను.

జిప్సీయే యేల యనగా దానికి కారణము కలదు. మారుతి సంస్థ దీనిని 1985 డిసెంబరులో విపణికి తెచ్చినది. మొదట 970 సి.సి. ఇంజనును, 1996నుండి 1300 సి.సి. ఇంజనును వాడిరి. తేలికయైన బండి, ఇఱుకు బాటలో సులభముగా తిరుగును, సైన్యమువారును దీనిని విరివిగా వాడిరి. సామాన్యులకు దీని యమ్మకము 2019లో నిలిచిపోయినది. దాని వంశమున బుట్టిన క్రొత్తబండి జిమ్నీ 2023లో వచ్చినను, దాని వెల పండ్రెండు లక్షలకు పైమాట. ఉపాధ్యాయుని జీతమునకు అందనిది. అందువలన పాతబండ్లకే గిరాకి.

కాని యీ బండి మన యాడువారికి అంత సుఖమైనది కాదు. మెట్టు ఎత్తు, చీర కుచ్చెళ్లు పట్టుకొని యెక్కుట కష్టము. వెనుక నెదురెదురుగా బల్లలుండును. వానిపై పిల్లలను కూర్చుండబెట్టి వేగముగా పోవుట క్షేమము కాదు. కమాను కట్టలు గట్టివి గనుక గతుకులన్నియు నడుమునకు తెలియును. గర్భిణిని ముందుసీటులోనే, మెల్లగా తీసికొనిపోవలెను. లీటరునకు పది పండ్రెండు కిలోమీటర్లకు మించి రాదు. మా యింటినుండి మారేడుమిల్లికి పోయి వచ్చుటకు నూటయెనుబది కిలోమీటర్లని యెంచినను, పదునాఱు లీటర్లు, అనగా పదునేడు వందల రూపాయలకు తక్కువ కాదు. అదే దూరము బస్సులో నాకు ఉచితము.

తిరిగివచ్చినపిమ్మట రాజమహేంద్రవరములో రెండు బండ్లు చూచితిమి. మొదటిది నాలుగు లక్షలు. క్రొత్త రంగు, వెడల్పైన టైర్లు, నెత్తిపై దీపముల వరుస. రెండవది 2004వ సంవత్సరపుది; మూడు లక్షలు. రంగు వెలిసిపోయినది, సీటు చిరిగినది. మా తమ్ముని కన్ను మొదటిదానిపై నిలిచెను. నాకు భారతములోని నలోపాఖ్యానము తోచినది. ఒక్క దినములో విదర్భకు పోవలసివచ్చినప్పుడు బాహుకుడు బక్కచిక్కిన గుఱ్ఱములను ఏర్చి తేగా ఋతుపర్ణుడు కోపగించెను. బలుపును గాక సుళ్లను, లక్షణములను చూచి తాను వానిని ఎన్నుకొంటినని బాహుకుడు సమాధానము చెప్పెను. బండికిని సుళ్లుండును, అవి క్రింద నుండును.

మాకు తెలిసిన మెకానిక్కు బండ్లక్రింద దూఱి చూచెను. మొదటిదాని చాసీకి నల్లరంగు క్రొత్తగా పూసియుండెను. చిన్న సుత్తితో తట్టగా పెచ్చులూడి తుప్పు రాలెను. ఇరుసులోని నూనె పాలవలె తెల్లబడియుండెను. లోనికి నీరు చేరినదనుటకు నదియే గుఱుతు. కాలిక్రింది పఱుపు ఎత్తగా మూలలలో నొండ్రుమట్టి యుండెను. రెండవదానికి చాసీ శుభ్రముగా నుండెను. ఉదయము చల్లని ఇంజనును త్రిప్పించితిమి, నీలిపొగ రాలేదు. మట్టినేలపై నాలుగు చక్రముల కఱ్ఱను వేయించి చూచితిమి. సుఖముగా పడి, సుఖముగా విడివడెను. కమాను కట్టలొక్కటి మాత్రము వ్రాలినది. దానికి పదివేలు తగ్గించిరి.

పిమ్మట కాగితములు. బండికి రిజిస్ట్రేషను పదునైదేండ్లు. అటుపై పరీక్ష చేయించి అయిదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. 2004 బండికి 2019లోను, 2024లోను పొడిగింపు జరిగియుండవలెను; ఆర్.సి.లో చూచుకొంటిమి. ఈ రుసుము 2022 ఏప్రిల్ నుండి కారునకు అయిదువేలైనది. ఇరువదేండ్లు దాటినవానికి 2025లో మరింత పెంచిరి. ఇంజను, చాసీ సంఖ్యలు కార్డులోనివానితో అక్షరమక్షరము సరిపోవలెను. వేఱు రాష్ట్రపు బండియైనచో అచ్చటి నిరభ్యంతర పత్రమును, ఇచ్చటి పన్నును గూడ లెక్కింపవలెను. అమ్మువాడును కొనువాడును 29, 30 ఫారములపై సంతకముచేసి పేరు మార్పించుకొనువఱకు బేరము ముగియలేదనియే తలపవలెను. భీమాను సైతము మన పేరికి మార్పించుకొనవలెను. ఇంకొక మాట: పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపుట 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. పాతబండ్లు ఆ పాలునకై చేయబడినవి కావు గనుక వాని రబ్బరు గొట్టములను మార్పించుట మంచిది.

తుదకు మేము లక్షన్నరయు నిచ్చితిమి. కాని రెండు కట్టుబాట్లతో. బండికై నెలకు రెండువేలు విడిగా పెట్టవలెను. పాతబండి వెల ఒకనాటితో తీఱునది కాదు. రెండవది, బండి యున్నదను ధైర్యమున మరదలిని వానకాలములో నచ్చట నుంచరాదు. వాగు పొంగినప్పుడు ఏ బండియు దాటదని నేను కన్నులార చూచితిని. శ్రావణము రాకముందే ఆ బండిలోనే ఆమెను ధవళేశ్వరము తీసికొనివచ్చిరి. కానుపు కార్తీకమున మాయింటనే. బండి తిరిగి మన్యమునకు పోయి, ఇప్పుడు పల్లెవారి జ్వరములకు, బడి బియ్యపు మూటలకు ఉపయోగపడుచున్నదట.

మాకు మాత్రము అట్టి బండి వలదని నిశ్చయించుకొంటిమి. బ్యారేజి దాటుటకు బస్సును, సంతకు ఆటోయు చాలును. సోదరీమణులారా! మీయింట నిట్టి మాట వచ్చినప్పుడు బండిని చూచుటకు ముందు బాటను చూడుడు. ఏటిలో ఎన్ని దినములు బురదలోను మెట్టలపైనను పోవలసియుండునో వ్రేళ్లపై లెక్కింపుడు. ఆ లెక్క పెద్దదైనచో, చాసీ గట్టిదైనచో, కాగితములు సరియైనచో, రంగు వెలిసినను సంకోచింపక కొనుడు. లెక్క చిన్నదైనచో సొమ్ము పెట్టెలోనే యుండనిండు.